64 స్లైసా, 128 స్లైసా, ఫోటాన్ కౌంటింగా? సీటీ స్కాన్ మార్కెట్లో అసలేం మారుతోంది

పోయిన వేసవిలో మా మేనత్తని సోంపేట నుంచి వైజాగ్ తీసుకొచ్చాం. కడుపునొప్పి ఎన్నాళ్ళకీ తగ్గట్లేదు, అక్కడి డాక్టర్ గారు సీటీ స్కాన్ తీయించుకు రమ్మని చీటీ రాశారు. పెద్ద సర్కారీ ఆస్పత్రి కేజీహెచ్ డౌన్ నుంచి మహారాణిపేట వైపు నడిస్తే బోర్డులే బోర్డులు. ఒకదాని మీద 32 స్లైస్ అని, ఇంకోదాని మీద 128 స్లైస్ అని, మరోచోట డ్యూయల్ ఎనర్జీ అని, ఇప్పుడు కొత్తగా ఏఐ అని కూడా రాస్తున్నారు. లోపలికెళ్ళి అడిగితే ఒక్కోచోట ఒక్కో రేటు. అత్త కాసేపు విని "ఏట్రా ఇది, కడుపు ఒకటే కదా, ఇన్ని రేట్లేటి?" అంది. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత తెలిసిన టెక్నీషియన్లని అడిగి, ఒక రేడియాలజిస్ట్ గారి దగ్గర కూర్చుని, దొరికినంత చదివి అర్థం చేసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నా. ఈమధ్య ఫోటాన్ కౌంటింగ్ సీటీ అనే మాట బాగా వినపడుతోంది, మిషన్ల మీద జీఎస్టీ కూడా తగ్గింది కదా స్కాన్ రేట్లు తగ్గుతాయా అని చాలామంది అడుగుతున్నారు, అందుకే మొదటి నుంచి చెప్పుకుందాం.

గారెలాంటి మిషన్ లోపల ఏం జరుగుతుంది

సీటీ మిషన్ చూసినవాళ్ళకి తెలుసు, పెద్ద గారెలా ఉంటుంది, మధ్యలో కన్నం, ఆ కన్నంలోకి మనం పడుకున్న బల్ల జరుగుతుంది. ఆ గారె లోపల ఒకవైపు ఎక్స్‌రే ట్యూబ్, దానికి ఎదురుగా డిటెక్టర్లు, రెండూ కలిసి మన చుట్టూ గిర్రున తిరుగుతాయి. మామూలు ఎక్స్‌రే అంటే ఒక్క వైపు నుంచి తీసిన నీడ, అందులో పక్కటెముకలు, గుండె, ఊపిరితిత్తులు అన్నీ ఒకదాని మీద ఒకటి పడిపోతాయి. సీటీలో అదే నీడని చుట్టూ వందల కోణాల నుంచి తీసి, కంప్యూటర్‌తో లెక్కకట్టించి, మనిషిని అడ్డంగా కోసి చూస్తే ఎలా ఉంటుందో అలా బొమ్మ తయారు చేస్తారు. ఆ కోతలో వచ్చే పలచటి ముక్కే స్లైస్.

బొమ్మలో ప్రతి చుక్కకీ ఒక నంబర్ ఉంటుంది. నీళ్ళకి 0, గాలికి మైనస్ 1000, గట్టి ఎముకకి వెయ్యి దరిదాపుల్లో. వీటిని హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు అంటారు. ఈ మిషన్ కనిపెట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే అది, ఆయన ఇంగ్లండ్‌లో ఈఎంఐ కంపెనీ ఇంజనీర్. మొదటి పేషెంట్‌కి స్కాన్ తీసింది 1971 అక్టోబర్ 1న, లండన్ దగ్గర ఆట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో. 1979లో ఆయనకీ, లెక్కల పద్ధతి కనిపెట్టిన అలన్ కోర్మాక్‌కీ కలిపి నోబెల్ ఇచ్చారు. అప్పటి బొమ్మ 80 బై 80 గళ్ళు మాత్రమే, అదీ తలకి మాత్రమే. ఈ రోజు అదే పని తల నుంచి కాళ్ళ దాకా సెకన్లలో అయిపోతోంది.

స్లైస్ లెక్క వేరు, వరసల లెక్క వేరు

మొదట్లో ఒక తిరుగుడుకి ఒక ముక్కే వచ్చేది. 1989 ప్రాంతంలో హెలికల్ స్కాన్ వచ్చింది, అంటే ట్యూబ్ ఆగకుండా తిరుగుతుంటే బల్ల కూడా ఆగకుండా జరుగుతూ ఉంటుంది. 1998లో ఒకేసారి 4 ముక్కలు తీసే మిషన్లు, 2004కి 64 ముక్కలవి వచ్చేశాయి. అప్పటి నుంచి మార్కెట్లో ఇదే కొలత అయిపోయింది, ఎన్ని స్లైస్‌లు అని.

ఇక్కడే ఒక మెలిక ఉంది, బోర్డులు చూసేవాళ్ళకి ఎవరూ చెప్పనిది. డిటెక్టర్‌లో నిజంగా ఉండేవి వరసలు. 64 వరసలున్న డిటెక్టర్‌తో, ఎక్స్‌రే పుట్టే చుక్కని కొద్దిగా అటూ ఇటూ కదిలించో, లేదా కంప్యూటర్ లెక్కతోనో ఒక్కో తిరుగుడుకి 128 ముక్కలు తీయొచ్చు. బోర్డు మీద 128 స్లైస్ అని రాస్తారు, అది అబద్ధం కాదు, కానీ డిటెక్టర్ వెడల్పు 64 వరసలదే. అలాగే 32 వరసలతో 64 స్లైస్ అని, 320 వరసలతో 640 స్లైస్ అని అమ్ముతారు. కాబట్టి ఒకచోట 64, ఇంకోచోట 128 అని ఉంటే రెండోది రెండింతలు మంచిదని కాదు, ఒక్కోసారి రెండిట్లో డిటెక్టర్ వెడల్పు ఒకటే అయ్యుండొచ్చు.

అసలు తేడా ఎక్కడ తెలుస్తుందంటే వెడల్పులో. ఒక్కో వరస 0.625 మిల్లీమీటర్లు అనుకుంటే 64 వరసలు కలిపి 40 మిల్లీమీటర్లు, అంటే 4 సెంటీమీటర్లు. 320 వరసల మిషన్‌లో ఒక్కోటి 0.5 మిల్లీమీటర్, మొత్తం 16 సెంటీమీటర్లు, ఒక గుండె మొత్తం ఒక్క తిరుగుడులో పట్టేస్తుంది. కడుపుకో, తలకి దెబ్బ తగిలినప్పుడో ఈ తేడాతో పెద్దగా పని లేదు, మంచి 16 స్లైస్ మిషన్ కూడా తలలో రక్తం గడ్డ కట్టిందో లేదో చక్కగా చూపించేస్తుంది. గుండె దగ్గరికొచ్చేసరికి మాత్రం కథ మారిపోతుంది.

గుండె ఆగదు కాబట్టి

గుండె నిమిషానికి 60 సార్లు కొట్టుకుంటుందనుకోండి, అంటే ఒక్కో చప్పుడుకి ఒక సెకను. అందులో గుండె కాస్త కుదురుగా ఉండే సమయం చాలా తక్కువ, ఆ సందులోనే ఫోటో తీసెయ్యాలి, లేకపోతే రక్తనాళాలు మసకగా వస్తాయి. బొమ్మ కట్టడానికి కనీసం సగం తిరుగుడు డేటా కావాలి. మిషన్ 0.35 సెకన్లకి ఒకసారి తిరిగితే సగం అంటే 175 మిల్లీసెకన్లు. అందుకే స్కాన్‌కి ముందు గుండె వేగం తగ్గించే మాత్ర ఇస్తారు, పేషెంట్ గాభరాగా ఉంటే కాసేపు కూర్చోబెడతారు.

దీనికి రెండు దారులు వచ్చాయి. ఒకటి ఇందాక చెప్పిన వెడల్పు డిటెక్టర్, 4 సెంటీమీటర్ల మిషన్‌కి గుండె మొత్తం తీయడానికి మూడు నాలుగు చప్పుళ్ళు కావాలి, మధ్యలో ఒక చప్పుడు తప్పితే ముక్కలు సరిగ్గా అతకవు, 16 సెంటీమీటర్లదానికి ఒక్క చప్పుడు చాలు. రెండోది 2005లో సీమెన్స్ తెచ్చిన డ్యూయల్ సోర్స్, ఒకే గారెలో రెండు ట్యూబులు, రెండు డిటెక్టర్లు. రెండుంటే సగం బదులు పావు తిరుగుడు చాలు. 0.25 సెకన్లకి తిరిగే ఇప్పటి మిషన్లలో అది సుమారు 66 మిల్లీసెకన్లకి వచ్చింది. గుండె లయ తప్పిన పెద్దవాళ్ళకి, ఊపిరి బిగబట్టలేని పిల్లలకి ఇది నిజంగా పనికొచ్చే తేడా.

ఫిషింగ్ హార్బర్ తట్ట, ఫోటాన్ కౌంటింగ్

ఇప్పుడు అసలు కొత్తదానికి వద్దాం. 2021 సెప్టెంబర్ 30న, మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే అమెరికా ఎఫ్‌డీఏ సీమెన్స్ వాళ్ళ నియోటమ్ ఆల్ఫా అనే మిషన్‌కి అనుమతి ఇచ్చింది, ఫోటాన్ కౌంటింగ్ పద్ధతిలో ఒళ్ళంతా తీసే స్కానర్లలో అదే మొదటిది. దశాబ్దం తర్వాత సీటీలో వచ్చిన పెద్ద మార్పు ఇదేనని ఎఫ్‌డీఏనే అంది.

ఇది అర్థం కావాలంటే తెల్లారుజామున మన ఫిషింగ్ హార్బర్‌కి రండి. బోటు నుంచి దించిన తట్టలో వంజరం, కానగంతలు, కవ్వళ్ళు, చిన్న రొయ్యలు అన్నీ కలిసి ఉన్నాయి, మీద ఐసు కూడా ఉంది. ఆ తట్టని కాటా మీద పెట్టి మొత్తం బరువు ఇంత అని రాసుకుంటే ఏం తెలుస్తుంది? బరువంతా పెద్ద చేపలదే, చిన్నవి ఎన్నున్నాయో తెలీదు, ఐసు బరువు కూడా కలిసిపోతుంది. ఇన్నాళ్ళూ సీటీ డిటెక్టర్లు చేసింది ఇదే. ఎక్స్‌రే కణాలు, అంటే ఫోటాన్లు, వచ్చి ఒక పదార్థానికి తగిలితే ముందు వెలుగు పుడుతుంది, ఆ వెలుగు మళ్ళీ కరెంటుగా మారుతుంది, మొత్తం ఎంత అని ఒకే అంకె వస్తుంది. ఎక్కువ శక్తి ఉన్న ఫోటాన్లదే అందులో పెద్ద వాటా, కానీ ఒక కండకీ ఇంకో కండకీ తేడా బాగా చూపించేది తక్కువ శక్తి ఉన్న చిన్నవే. మిషన్‌లో పుట్టే ఎలక్ట్రానిక్ గోల కూడా ఐసులాగా అందులోనే కలుస్తుంది.

ఫోటాన్ కౌంటింగ్‌లో తట్టని కాటా మీద పెట్టరు. ఒక్కో చేపనీ తీసి ఇది చిన్నది, ఇది మధ్యరకం, ఇది పెద్దది అని లెక్క రాస్తారు, ఐసుముక్క వస్తే పక్కన పారేస్తారు. కాడ్మియం టెల్యురైడ్ అనే స్ఫటికం మీద ఒక్కో ఫోటాన్ పడగానే వెలుగు అనే మధ్య మెట్టు లేకుండా నేరుగా కరెంటు పుడుతుంది, ఆ పుట్టిన దెబ్బ ఎంత ఎత్తుందో చూసి ఫోటాన్ శక్తి ఎంతో రాసుకుంటారు. దీనివల్ల మూడు లాభాలు. గళ్ళు బాగా చిన్నవి చేయొచ్చు, స్లైస్ మందం 0.2 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. అదే బొమ్మని తక్కువ రేడియేషన్‌తో తీయొచ్చు. ఇక ఏ పదార్థం ఏ శక్తిని ఎంత తింటుందో తెలుస్తుంది కాబట్టి కాల్షియం ఏది, అయోడిన్ డై ఏది అని విడదీయొచ్చు. గుండె నాళంలో సున్నంలాగా కాల్షియం పేరుకున్నా, స్టెంట్ వేసున్నా పాత బొమ్మలో ఆ మెరుపు చుట్టూ పాకి దారి మూసుకుపోయినట్టే కనపడేది, ఇందులో లోపల దారి ఎంతుందో బాగా తెలుస్తుంది.

ఇబ్బందులు లేవా అంటే ఉన్నాయి. ఫోటాన్లు సెకనుకి కోట్లలో వచ్చి పడుతుంటే రెండు ఒకేసారి పడి ఒకటిగా లెక్కలోకి పోతాయి, ఒక గడి అంచున పడ్డది పక్క గడికీ పంచుకుపోతుంది. ఆ స్ఫటికం లోపం లేకుండా పెంచడం కష్టం, అందుకే ధర. పోటీ కంపెనీలూ ఊరుకోలేదు, జీఈ 2020లో స్వీడన్‌లోని ప్రిస్మాటిక్ సెన్సార్స్‌ని కొని కాడ్మియం బదులు సిలికాన్ దారి పట్టింది, కెనాన్ 2021లో కెనడా కంపెనీ రెడ్‌లెన్‌ని కొనేసింది. ఫిలిప్స్ మాత్రం రెండు పొరల డిటెక్టర్‌తో శక్తిని విడదీసే దారిలోనే నడుస్తోంది, దాన్నే స్పెక్ట్రల్ సీటీ అంటున్నారు. ఇక డ్యూయల్ ఎనర్జీ అని బోర్డుల మీద కనిపించేది అంటే ఒకే చోటని రెండు శక్తులతో చూడటం, కిడ్నీ రాయి యూరిక్ యాసిడ్‌దా కాల్షియందా అని చెప్పడానికి అది కూడా బాగా సరిపోతుంది. దాని కోసం ఫోటాన్ కౌంటింగ్ దాకా వెళ్ళక్కర్లేదు.

ఉద్దానం వాళ్ళకి డై అంటే ఎందుకు భయం

అత్తని స్కాన్ రూమ్‌లోకి పంపేముందు టెక్నీషియన్ అడిగిన మొదటి ప్రశ్న క్రియాటినిన్ ఎంత అని, అంటే కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష. సోంపేట అనగానే ఆ అబ్బాయి తలెత్తి చూశాడు. సోంపేట, కవిటి, కంచిలి, పలాస, ఈ ఉద్దానం ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో వైజాగ్‌లో స్కాన్ తీసేవాళ్ళందరికీ తెలుసు. సీటీలో రక్తనాళాలు, గడ్డలు స్పష్టంగా కనపడటానికి నరంలోకి అయోడిన్ డై ఎక్కిస్తారు, అది వెళ్ళగానే ఒళ్ళంతా వేడిగా అనిపిస్తుంది, బయటికి పోయేది కిడ్నీల ద్వారానే. కిడ్నీలు ఇదివరకే దెబ్బతిన్నవాళ్ళకి ఇది ఇంకా పాడు చేస్తుందని ఏళ్ళ తరబడి భయపడ్డారు.

దీని మీద ఇప్పుడు రెండు అభిప్రాయాలున్నాయి. పాత లెక్కల్లో డై తర్వాత కిడ్నీ చెడిన ప్రతివాళ్ళనీ డై ఖాతాలో వేశారని, వాళ్ళలో చాలామందికి జబ్బు తీవ్రత వల్లే చెడి ఉండొచ్చని 2020లో అమెరికా రేడియాలజీ, కిడ్నీ సంఘాలు కలిసి చెప్పాయి. వాళ్ళ లెక్కలో జాగ్రత్త ముఖ్యంగా ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే అంకె, 30 కంటే తగ్గినవాళ్ళకి. అయినా మన దగ్గర కిడ్నీ డాక్టర్లు కొందరు ఉద్దానం పేషెంట్ అంటే ఇంకా ఆచితూచే రాస్తారు, ఒక్క మిల్లీలీటర్ తగ్గినా మంచిదే కదా అంటారు. నాకైతే రెండు మాటల్లోనూ న్యాయం కనపడింది. అవసరమైన డై ఆపేసి గడ్డ కనపడకుండా పోతే ఆ నష్టం కూడా పేషెంట్‌దే. స్పెక్ట్రల్, ఫోటాన్ కౌంటింగ్ మిషన్లలో తక్కువ డైతోనే అయోడిన్‌ని మెరిసేలా చూపించొచ్చు, ఉత్తరాంధ్రకి ఈ కొత్త టెక్నాలజీ నుంచి రాగల అన్నిటికంటే పెద్ద ఉపయోగం ఇదేనని నా నమ్మకం.

రెండున్నర వేలు ఎలా అవుతుంది, ఆరు వేలు ఎలా అవుతుంది

ఇక డబ్బు లెక్క. ఇవి అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు మాత్రమే. మిషన్ 4 కోట్లు, 8 ఏళ్ళు నడుస్తుందనుకుందాం, ఏడాదికి 50 లక్షలు. మెయింటెనెన్స్ కాంట్రాక్టుకీ ట్యూబ్‌కీ ఏడాదికి 40 లక్షలు, కరెంటు, అద్దె, టెక్నీషియన్లు, రిపోర్ట్ రాసే డాక్టర్ కలిపి 60 లక్షలు. మొత్తం కోటిన్నర. ఏడాదికి 300 రోజులు, రోజుకి 20 స్కాన్లు పడితే 6000 స్కాన్లు, ఒక్కోదానికి 2500 పడుతుంది. అదే రోజుకి 8 స్కాన్లే వస్తే 2400 స్కాన్లు, ఒక్కోటి 6250. మిషన్ అదే, ఫిల్మ్ అదే, తేడా అంతా క్యూలో ఉంది. వడ్డీ నేను వెయ్యనే లేదు.

ఇప్పుడు జీఎస్టీ. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఈ మిషన్ల మీద 12 శాతం కాస్తా 5 శాతం అయింది. 4 కోట్ల మీద 48 లక్షలు కట్టాల్సిన చోట 20 లక్షలు, మిగిలింది 28 లక్షలు. వైద్య సేవల మీద జీఎస్టీ లేదు కాబట్టి ఆస్పత్రి ఆ పన్నుని వెనక్కి తీసుకునే వీలు లేదు, అందుకని అది నిజంగా మిగిలినట్టే. కానీ 8 ఏళ్ళలో 48 వేల స్కాన్ల మీద పరిస్తే ఒక్కోదానికి 58 రూపాయలు. స్కాన్ రేటు సగానికి పడిపోతుందని ఎవరైనా ఆశపడితే ఈ లెక్క చూసుకోవాలి.

ట్యూబ్ గురించి ఒక మాట. అందులో టంగ్‌స్టన్ పళ్ళెం నిమిషానికి వేల చుట్లు తిరుగుతూ నిప్పులా కాలుతుంది, కొన్నాళ్ళకి పోతుంది, కొత్తది లక్షల్లో. చిన్న ఊళ్ళలో ఆస్పత్రి సీటీ నెలల తరబడి మూతపడిందంటే చాలాసార్లు కారణం ట్యూబో, కాంట్రాక్టు రెన్యువల్ అవ్వకపోవడమో. అప్పుడా ఊరి జనం అంతా ఇక్కడికే, కేజీహెచ్‌కి, విమ్స్‌కి, ప్రైవేట్‌కి. కోరాపుట్ నుంచి కూడా వస్తారు.

స్టీల్‌ప్లాంట్ పక్కన తయారీ, ఓడలో వచ్చే పాత మిషన్లు

మన దేశంలో వైద్య పరికరాల్లో ముప్పావు దాకా దిగుమతులే. దాన్ని తగ్గించాలని 2020లో కేంద్రం 3420 కోట్లతో పీఎల్ఐ స్కీమ్, అంటే ఇక్కడ తయారు చేసి అమ్మినదాన్ని బట్టి కంపెనీలకి ప్రోత్సాహకం ఇచ్చే పథకం, పెట్టింది, అందులో రేడియాలజీ మిషన్లకి చోటిచ్చింది, బెంగళూరులో సీటీల తయారీ జరుగుతోంది. మన వైజాగ్‌లో స్టీల్‌ప్లాంట్ పక్కన సుమారు 270 ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఉంది, 2018 డిసెంబర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాల సదస్సు కూడా అక్కడే జరిగింది. చిన్న కంపెనీలు ఒక్కొక్కటి కోట్లు పోసి కట్టుకోలేని టెస్టింగ్ ల్యాబులు అందరికీ కలిపి ఒకచోట పెట్టడం దాని ముఖ్య ఉద్దేశం. అయితే సీటీలో గారె చట్రం, బల్ల, కవర్లు ఇక్కడ చేయడం ఒక ఎత్తు, ట్యూబ్, డిటెక్టర్ స్ఫటికం చేయడం ఇంకో ఎత్తు. విలువంతా ఆ రెండిట్లోనే ఉంది.

ఇక్కడే రీఫర్బిష్డ్ గొడవ వస్తుంది, అంటే బయటి దేశాల్లో వాడేసి, బాగుచేసి, తక్కువకి అమ్మేవి. ఇవి రాకపోతే నర్సీపట్నంలో, పార్వతీపురంలో సీటీ పెట్టే దమ్ము ఎవరికుంటుంది, రోజుకి 8 స్కాన్లతో కొత్త మిషన్ గిట్టదు అని ఆస్పత్రుల వాళ్ళ వాదన. పాత సరుకంతా ఇక్కడ పారబోస్తే మనవాళ్ళ ఫ్యాక్టరీకి కొనేవాడెవడు, పాత మిషన్‌కి డోస్ ఎక్కువ, విడిభాగాలు దొరకవు అని తయారీదార్ల వాదన. పైన వేసిన లెక్క చూస్తే మొదటివాళ్ళ బాధ అర్థమవుతుంది, మూతపడ్డ మిషన్లు చూస్తే రెండోవాళ్ళది అర్థమవుతుంది. కొత్తదైనా పాతదైనా సీటీ నడపాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు, ఏఈఆర్‌బీ లైసెన్స్ మాత్రం తప్పదు.

రేడియేషన్ మీద పెద్దల వాదన

మామూలుగా ఏ స్కానూ లేకపోయినా నేల నుంచి, ఆకాశం నుంచి ఏడాదికి ప్రపంచ సగటున 2.4 మిల్లీసీవర్ట్‌ల రేడియేషన్ మనకి తగులుతుంది, ఒంటికి తగిలే రేడియేషన్‌ని కొలిచేది మిల్లీసీవర్ట్‌లలోనే. మన భీమిలి తీరం ఇసకలో కూడా థోరియం ఉన్న మోనజైట్ ఉంది. తల సీటీకి సుమారు 2, ఛాతీకి 6 దరిదాపుల్లో, కడుపుకి 8 నుంచి 10. కడుపు స్కాన్‌ని డై లేకుండా ఒకసారి, డై ఎక్కుతుంటే ఒకసారి, తర్వాత మళ్ళీ ఒకసారి తీస్తే అది దాదాపు మూడింతలు అవుతుంది.

2025 ఏప్రిల్‌లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం, 2023లో అక్కడ తీసిన 9 కోట్ల 30 లక్షల స్కాన్ల వల్ల ముందుముందు లక్షా మూడు వేల దాకా క్యాన్సర్లు రావొచ్చని లెక్కగట్టింది. రేడియాలజీ సంఘం వాళ్ళు ఒప్పుకోలేదు. ఇవి నిజంగా చూసిన కేసులు కావు, హిరోషిమా లాంటి చోట పెద్ద డోస్ తగిలినవాళ్ళ లెక్కని చిన్న డోస్‌లకి సాగదీసి వేసిన అంచనా, స్కాన్ వల్ల బతికినవాళ్ళని ఆ లెక్కలో చూడలేదు అన్నారు. ఇద్దరూ కలిసే చోటు ఒకటుంది, అక్కర్లేని స్కాన్ వద్దు, అక్కరున్నదాన్ని తక్కువ డోస్‌తో తియ్యాలి. 2019 నుంచి కంపెనీలు ఏఐతో బొమ్మ శుభ్రం చేసే సాఫ్ట్‌వేర్ ఇస్తున్నది ఇందుకే, తక్కువ డోస్‌తో తీసిన గరుకు బొమ్మని నునుపు చేస్తుంది. మరీ నునుపు చేస్తే చిన్న మచ్చ కూడా తుడిచిపెట్టుకుపోతుందేమో అని చూసే డాక్టర్లకి ఒక అనుమానం ఉంటూనే ఉంది. ఇక అక్కర్లేని స్కాన్లకి కమీషన్ ఒక కారణం అని అందరికీ తెలుసు, స్కాన్ రాసినందుకు డాక్టర్ డబ్బు తీసుకోవడం 2002 మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారమే తప్పు.

అత్త సీడీ

మా విషయంలో జరిగింది చెప్తాను. మొదటి సెంటర్‌లో బోర్డు మీద పెద్ద నంబరే ఉంది. స్కాన్ తీశారు, మూడు ఫిల్ములు, రెండు పేజీల రిపోర్ట్ ఇచ్చారు. సర్జన్ గారు ఫిల్మ్‌ని వెలుగుకి పెట్టి చూసి, ఈ ముక్కలు 5 మిల్లీమీటర్లవి, నాకు పలచటివి కావాలి, సీడీ ఏది అన్నారు. వెనక్కి పరిగెత్తాం. పలచటి స్లైస్‌లు మిషన్‌లో కొన్నాళ్ళే ఉంటాయి, జాగా లేక తీసేశాం అన్నారు. మిల్లీమీటర్ కంటే పలచగా కోయగలిగిన కోట్ల మిషన్‌తో తీసి, మాకు దక్కింది మందపాటి ముక్కలు అచ్చేసిన ప్లాస్టిక్ షీట్లు. ఇంకోచోట మళ్ళీ తీయించాం, మళ్ళీ డై, మళ్ళీ డోస్, మళ్ళీ డబ్బు. ఆ రెండోది బోర్డు మీద చిన్న నంబర్ ఉన్న సెంటర్, కానీ అక్కడ రేడియాలజిస్ట్ గారు అత్త పాత కాగితాలన్నీ చదివి, ఏ భాగం ఎన్నిసార్లు తియ్యాలో ముందే చెప్పి, ఒక్కసారితో సరిపెట్టి, సీడీ చేతిలో పెట్టించారు.

అత్త ఆ సీడీని గుడ్డలో చుట్టి సోంపేటలో ఇనప్పెట్టెలో పెట్టింది, పొలం పాసుపుస్తకాల పక్కన. మూడు నెలల తర్వాత కేజీహెచ్‌కి చూపించడానికి వచ్చినప్పుడు అక్కడి డాక్టర్ గారు మళ్ళీ స్కాన్ రాయబోయారు. అత్త సంచిలోంచి గుడ్డ తీసి విప్పింది. ఆయన కంప్యూటర్‌లో పెట్టి పది నిమిషాలు కిందకీ పైకీ తిప్పి చూసి, రాసిన కాగితం చించేశారు.